ఒకటికి పదహారు కలిపితే పదహారే

సంక్రాంతికి ఇంటికి రంగులు వేయించాలని అటక ఖాళీ చేస్తుంటే, ఇత్తడి గంగాళం వెనక నుంచి ఒక అట్టపెట్టె దిగింది. అందులో ఒక నల్ల పలక, దాని వీపుకి తగిలించే చిన్న డబ్బా. పలక జెడ్‌ఎక్స్ 81 కంప్యూటరు. డబ్బా దాని 16 కిలోబైట్ల ర్యామ్ ప్యాక్. ఇంగ్లండులో చదువు ముగించుకుని వస్తూ పెదనాన్న తెచ్చుకున్నవి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైన ఆయనకు అది దేవుడి గదిలో పెట్టాల్సిన వస్తువు. హైదరాబాదులో మెమరీ చిప్‌లు పరీక్షించే ఉద్యోగం చేస్తున్న శ్రావణికి అది పిసినారితనానికి సాక్ష్యం. రాజమండ్రి ఇంటి అరుగు మీద మూడు రోజులు నడిచిన వాదనలో తేలిన సారం ఇది.

శ్రావణి: పెదనాన్నా, ఒక లెక్క అడుగుతాను. లోపల 1 కిలోబైటు ఉంది. బయట నుంచి 16 తగిలించారు. మొత్తం ఎంత?

పెదనాన్న: 16.

శ్రావణి: ఒకటో తరగతి పిల్లాడైనా 17 అంటాడు.

పెదనాన్న: వాడు దీని సర్క్యూటు చూడలేదు కదమ్మా. లోపలి కిలోబైటుకి చిరునామా పూర్తిగా విప్పి చదివే ఏర్పాటు లేదు. 16 కిలోబైట్ల వీధి పొడవునా ఎక్కడ తలుపు తట్టినా ఆ ఒక్క కిలోబైటే పలుకుతుంది. ఒకే ఇంటికి పదహారు డోరు నంబర్లు అనుకో. ర్యామ్ ప్యాక్ వచ్చాక ఆ వీధి అంతా నిజమైన ఇళ్ళు లేచాయి. పాత ఇంటివాడు కూడా అక్కడే ఉంటే ఒక్కో ఉత్తరానికి ఇద్దరు జవాబు రాస్తారు. అందుకని ప్యాక్ తగలగానే ఒక తీగ మీదికి 5 వోల్టులు ఇచ్చి లోపలి మెమరీ నోరు మూయిస్తుంది.

శ్రావణి: డబ్బు పెట్టి కొన్న కిలోబైటు మూలన పడ్డట్టేగా! చిరునామా చదవడానికి ఇంకో చిప్ పెడితే ఏం పోయింది?

పెదనాన్న: ధర పోయేది. దీనికి ముందు వచ్చిన జెడ్‌ఎక్స్ 80లో 21 చిప్‌లు ఉండేవి. 1981లో ఇది వచ్చేసరికి వాటిని నాలుగైదుకి దించారు. తయారైన యంత్రం 69.95 పౌన్లు, విడి భాగాలుగా తీసుకుని మనమే అతుక్కుంటే 49.95. అంతకు కొన్నేళ్ళ ముందు కంప్యూటరంటే ఎక్కువగా బ్యాంకులు, యూనివర్సిటీలు కొనేది. దీన్ని జీతం డబ్బుల్లోంచి కొనుక్కోవచ్చు.

శ్రావణి: మరి ర్యామ్ ప్యాక్ ఎంత? అదీ 49.95 పౌన్లే. అసలు ఎంతో కొసరూ అంతే. కడుపు నిండని అన్నం చవగ్గా పెట్టి, మారు వడ్డనకు డబ్బులు అడగడం లాంటిది.

పెదనాన్న: ఆ కడుపు నిండని అన్నంతోనే ఎన్ని వంటలు చేశారో విను. ఉన్నవి 1024 బైట్లు. అందులో యంత్రం తన సొంత లెక్కలకు 125 తీసుకుంటుంది. టీవీ తెర నిండా అక్షరాలు పెడితే 793 పోతాయి. ఇక నీకు మిగిలేది?

శ్రావణి: 106. వాట్సాప్‌లో శుభోదయం చెప్పడానికి కూడా చాలవు.

పెదనాన్న: అందుకే దీన్ని చేసిన ఇంజనీరు ఏం చేశాడంటే, మెమరీ మూడుంపావు కిలోబైట్ల కంటే తక్కువగా కనబడితే తెరను మడిచేశాడు. ఖాళీ వరసకి ‘ఇక్కడితో వరస అయిపోయింది’ అనే ఒక్క గుర్తు. అప్పుడు ఖాళీ తెర మొత్తానికి 25 బైట్లు చాలు. రాసినంత మేరకే చోటు పోతుంది. పెళ్ళివారు వచ్చినకొద్దీ ఆకులు వేయడమన్నమాట, ముందే వెయ్యి ఆకులు పరిచి కూర్చోకుండా.

శ్రావణి: దాని ఫలితం కూడా చెప్పండి మరి. ప్యాక్ తగిలిస్తే అదే తెర విప్పుకుని 793 బైట్లు పట్టేస్తుంది. మడత తెరను నమ్ముకుని, ఫలానా అక్షరం ఫలానా చోట ఉంటుందని రాసుకున్న ప్రోగ్రాము కొత్త మెమరీలో తడబడుతుంది. ఇల్లు పెద్దదైందని పాత సామాను పనికిరాకుండా పోవడం ఎక్కడైనా ఉందా?

పెదనాన్న: ఉంది. దాని సంగతికి వస్తాను. ముందు ఇది చూడు. ఈ యంత్రంలో వాడే బేసిక్ భాషలో సున్నా అని రాస్తే ఎన్ని బైట్లు అనుకుంటున్నావు? ఏడు. కనిపించే అంకెకి ఒకటి, దాని వెనక కనపడకుండా దాచిన లెక్క రూపానికి ఆరు. అదే ‘నాట్ పై’ అని రాస్తే రెండే, ఎందుకంటే ఆ మాటలు ఒక్కోటి ఒక్కో మీట, ఒక్కో బైటు. పై సున్నా కాదు, కాబట్టి ‘నాట్ పై’ అంటే సున్నా. ఒకటి కావాలంటే ‘సైన్ పై’, అంటే పై ధనమా ఋణమా అని అడగడం. ధనమే కాబట్టి జవాబు ఒకటి. వృత్తం చుట్టూ తిరిగే సంఖ్యను పట్టుకొచ్చి బైట్లు పొదుపు చేయించారు! ఆ రోజుల్లోనే డేవిడ్ హోర్న్ అనే ఆయన 672 బైట్లలో చదరంగం ఆడే ప్రోగ్రాము రాశాడు. అంతకంటే చిన్నది 2015లో గానీ రాలేదు, 487 బైట్లతో.

శ్రావణి: ఆ చదరంగంలో కోట కట్టడం లేదు, చివరి గడికి చేరిన బంటు మంత్రి కాదు. ఆయన ప్రతిభకు దండం పెడతాను. కానీ ఒక్క హోర్న్‌ని చూపించి ఇరుకు గొప్పదంటే ఎలా? అగ్గిపెట్టెలో పట్టే చీర నేశారని, చీరలన్నీ అగ్గిపెట్టెలోనే అమ్ముతామంటే కట్టుకునేవాళ్ళకి ఒప్పుతుందా?

పెదనాన్న: కట్టుకునేవాళ్ళకోసం కాదమ్మా ఆ యంత్రం. నేర్చుకునేవాళ్ళకోసం.

శ్రావణి: అయితే నేర్చుకునేవాడి సంగతే చూద్దాం. ఈ డబ్బాని దేనికి తగిలిస్తారు? బోర్డు చివర బయటికి వదిలేసిన రాగి గీతలకి. గొళ్ళెం లేదు, మర లేదు. పలకేమో తేలిక, డబ్బా బరువు. మీటలు నొక్కుడుపొర కాబట్టి గట్టిగా అదమాలి. అదిమితే పలక కదులుతుంది, పలకతో డబ్బా ఊగుతుంది. ఒక్క క్షణం ఒక్క తీగ తెగినా మొత్తం ప్రోగ్రాము గల్లంతు. క్యాసెట్ నుంచి 16 కిలోబైట్లు మళ్ళీ ఎక్కించాలంటే ఆరేడు నిమిషాలు. టైపు చేసినదాన్ని క్యాసెట్‌కి ఎక్కించుకోకపోతే ఆ సాయంత్రం పోయినట్టే. ఇంగ్లండులో దీనికి పేరే పెట్టారు, ర్యామ్ ప్యాక్ ఊపు అని.

పెదనాన్న: పేరు పెట్టారు, మందూ కనిపెట్టారు. గోడకి బొమ్మలు అంటించే బంకముద్ద డబ్బా కింద పెట్టేవాళ్ళు. రెండు వైపులా అంటుకునే టేపు వేసేవాళ్ళు. పలకనీ డబ్బానీ ఒకే చెక్క మీద బిగించేవాళ్ళు. రాగి గీతలు రబ్బరుతో తుడిస్తే పట్టు బాగుంటుందని, యంత్రం నడుస్తుండగా ప్యాక్ తీయకూడదని పదేళ్ళ పిల్లలకి తెలిసింది. కనెక్టరు అంటే ఏమిటో నేను మా డిప్లమా వాళ్ళకి బోర్డు మీద గీసి చెబితే సగం మందికి ఎక్కేది కాదు.

శ్రావణి: పాఠం నిజమే. ఫీజు ఎవరు కట్టారన్నదే నా ప్రశ్న. ఒక గొళ్ళెం ఖర్చు తయారీదారు మిగుల్చుకున్నాడు. దానికి బదులు పిల్లాడు తన సాయంత్రాలు చెల్లించాడు.

పెదనాన్న: సరే, పిసినారితనం ఎప్పుడూ కొనేవాడి నెత్తినే పడుతుందంటావు. 1982లో వచ్చిన స్పెక్ట్రమ్ కంప్యూటరు తీసుకో. 16 కిలోబైట్లది 125 పౌన్లు, 48 కిలోబైట్లది 175. ఆ పైన ఉన్న 32 కిలోబైట్లు ఎక్కడివో తెలుసా?

శ్రావణి: తెలుసు. సగం చచ్చిన చిప్‌లు.

పెదనాన్న: సగం బతికిన చిప్‌లు అను! 64 కిలోబిట్ల చిప్‌లు అప్పుడే కొత్తగా వస్తున్నాయి. పరీక్షలో సగం భాగం పోయినవాటిని పారేయకుండా, 32 కిలోబిట్లవిగా తక్కువ ధరకి అమ్మేవాళ్ళు. స్పెక్ట్రమ్ వాళ్ళు అవి కొన్నారు. ఎనిమిది చిప్‌లు పెట్టాలి, ఎనిమిదింటికీ ఒకే సగం మంచిదై ఉండాలి. పై సగమా, కింది సగమా అన్నది బోర్డు మీద ఒక చిన్న తీగ ముక్క అటో ఇటో అతికి చెప్పేవాళ్ళు. పుచ్చు వంకాయని పారేస్తామా? పుచ్చినంత మేర కోసేసి కూరలో వేస్తాం. తర్వాత పూర్తి చిప్‌లే చవకైపోయాయి. వాటినే అదే చోట పెట్టారు, సగం మంచి మెమరీ ఊరికే పడి ఉండేది. కొందరు కుర్రాళ్ళు అది పసిగట్టి, రెండో సగాన్ని కూడా మేల్కొలిపి, 48 కిలోబైట్ల యంత్రాన్ని 80 చేసుకున్నారు.

శ్రావణి: ఇక్కడ మాత్రం మీ మాట ఒప్పుకుంటాను పెదనాన్నా. మేం ఇప్పటికీ చేసేది అదే. ప్రతి మెమరీ చిప్‌లోనూ కొన్ని వరసలు అదనంగా గీస్తారు. పరీక్షలో ఒక వరస చెడ్డదని తేలితే దాని చిరునామాని ఆ అదనపు వరసకి మళ్ళిస్తాం. ఏ లోపమూ లేకుండా పుట్టిన చిప్‌లే అమ్మాలంటే ఫోన్లు ఎవరూ కొనలేరు. కానీ తేడా చూడండి. స్పెక్ట్రమ్ కొన్న పిల్లాడికి సగం చిప్‌ల సంగతి తెలియనవసరం లేదు. వాడికి 48 అన్నారు, 48 పనిచేసింది. లోపాన్ని తయారీదారు తన భుజాన వేసుకున్నాడు. ర్యామ్ ప్యాక్ దగ్గర దాన్ని పిల్లాడి చేతికిచ్చాడు.

పెదనాన్న: అంటే నీ తగువు లోపంతో కాదు.

శ్రావణి: కాదు. దాన్ని మోయించినవాడితో.

పెదనాన్న: అయితే ఇందాక వాయిదా వేసిన సంగతికి వద్దాం. విక్ 20 అని ఇంకో కంప్యూటరు. దాంట్లో ఉన్నది 5 కిలోబైట్లు, తెర వెలగగానే 3583 బైట్లు నీవి అని చెబుతుంది. వెనక ఒక గాడి, దాంట్లో 3, 8, 16 కిలోబైట్ల పెట్టెలు పెట్టుకోవచ్చు. ఊపు లేదు, గట్టిగానే కూర్చుంటుంది. కానీ 8 పెట్టావంటే తెర ఇల్లు మారుతుంది. 7680వ చిరునామాలో ఉండే తెర 4096కి దిగుతుంది. రంగుల పట్టిక కూడా దాంతో పాటే కదులుతుంది. తెర 7680లో ఉందని నమ్మి నేరుగా అక్కడ బొమ్మ గీసే ఆట, తెర లేని చోట గీస్తూ ఉంటుంది. అప్పుడేం చేయాలి? మెమరీ పీకేసి ఆట ఆడుకోవాలి.

శ్రావణి: ఇది నేను చెప్పాల్సింది, మీరే చెప్పేశారు! డబ్బు పోసి మెమరీ కొని, ఆట కోసం దాన్ని పీకడం.

పెదనాన్న: ఎందుకు కదిలిందో కూడా విను, అప్పుడు తిట్టు. తెర గీసే చిప్‌కి లోపలి మెమరీ మాత్రమే కనిపిస్తుంది, పెట్టెలోది కనిపించదు. కాబట్టి తెర లోపలే ఉండాలి. బేసిక్‌కేమో మధ్యలో అడ్డం లేని ఒకే పొడవాటి స్థలం కావాలి. తెర మామూలుగా లోపలి మెమరీ చివర్లో ఉంటుంది. పెట్టె పెడితే ఆ చివర కాస్తా నట్టిల్లవుతుంది. నట్టింట్లో గోడ ఉంచుకుంటామా? తెరని వీధి గుమ్మం వైపు జరిపారు. వెనక 11,775 బైట్లు ఒకే హాలుగా వచ్చాయి.

శ్రావణి: అంతకు ముందే 3 కిలోబైట్ల పెట్టె కొన్నవాడి గతి?

పెదనాన్న: వాడి 3 కిలోబైట్లు గుమ్మానికి అవతల పడతాయి. బేసిక్ వాటిని వాడుకోలేదు. మిషన్ కోడు రాసేవాడికైతే పనికొస్తాయి.

శ్రావణి: చూడండి, మన ఊళ్ళో ఇల్లు కట్టేవాడెవడైనా పైఅంతస్తు వేస్తాడో లేదో తెలియకపోయినా, శ్లాబు మీద స్తంభాల చువ్వలు వదిలేస్తాడు. తుప్పు పడుతుందని తెలిసినా వదిలేస్తాడు. ఎందుకంటే కొడుకు రేపు గది వేసుకుంటే గోడలు కూల్చే పని ఉండకూడదని. వీళ్ళు గాడి అయితే పెట్టారు, చువ్వలు వదల్లేదు. తెర ఎక్కడుందో అడిగి తెలుసుకోండని ప్రోగ్రాములు రాసేవాళ్ళకి మొదటి రోజే గట్టిగా చెప్పి ఉంటే సరిపోయేది.

పెదనాన్న: చువ్వలకి కూడా డబ్బవుతుంది తల్లీ. పైగా చువ్వలు వదిలినవాడికి కూడా తిప్పలు తప్పవు. నీకు ఇంకో ఆయుధం నేనే ఇస్తాను. బీబీసీ మైక్రో. మోడల్ బి ఖరీదు 400 పౌన్ల దాకా ఉండేది. పిసినారి యంత్రం కాదది. వెనకాలా అడుగునా ఎన్ని రకాల సాకెట్లో! మన దేశంలో 1984లో క్లాస్ పథకం కింద బడులకి వచ్చింది అదే.

శ్రావణి: దాంట్లో కూడా చిక్కుందా?

పెదనాన్న: మెమరీ 32 కిలోబైట్లు. మంచి బొమ్మల మోడ్ పెడితే తెరకే 20 పోతాయి. క్యాసెట్ మీద నడుస్తున్నప్పుడు నీ ప్రోగ్రాము 3584వ చిరునామాలో మొదలవుతుంది. తెర వరకూ 8704 బైట్లు మిగులుతాయి. నువ్వు క్యాసెట్ బాధ పడలేక డిస్కు డ్రైవు పెట్టావనుకో. డిస్కు లెక్కలు చూసుకోడానికి కొంత మెమరీ దానికి కావాలి. ప్రోగ్రాము 6400 దగ్గర మొదలవుతుంది. నీకు మిగిలేది 5888. ఖరీదైన సదుపాయం పెట్టుకున్నందుకు మూడో వంతు చోటు పోయింది. క్యాసెట్ మీద ఆడిన ఆట డిస్కు మీద పట్టదు.

శ్రావణి: మరి ఏం చేసేవాళ్ళు?

పెదనాన్న: ఆటకి ఒక చిన్న తోక తగిలించేవాళ్ళు. డిస్కు నుంచి 6400 దగ్గర దిగుతుంది. దిగగానే తోక మేల్కొని, ‘ఇక డిస్కు వద్దు, క్యాసెట్టే’ అని యంత్రానికి చెప్పి, మొత్తం ప్రోగ్రాముని 3584కి లాగి నడిపిస్తుంది. అటుకుల బస్తా గడప దాటాక లోపలికి జరిపినట్టు. ఇది తెలియాలంటే మెమరీ మ్యాపు కంఠతా రావాలి. అందుకే అంటున్నాను, ఆ చిక్కులు మాకు యంత్రాన్ని చూపించాయి. ఇప్పటి పిల్లాడి ల్యాప్‌టాపులో 16 గిగాబైట్లుంటాయి. ఏ బైటు ఎక్కడుందో వాడికి తెలుసా?

శ్రావణి: తెలియనక్కర్లేదు. బస్సెక్కేవాడికి ఇంజను ఎందుకు? తెలుసుకోవాలని ఉన్నవాడికి దారి ఉండాలి, తప్పనిసరి కాకూడదు. అయినా చిక్కులన్నీ విద్యాబోధన కోసం పుట్టినట్టు మాట్లాడుతున్నారు. స్పెయిన్ కథ చెప్పనా? 1985లో అక్కడి ప్రభుత్వం 64 కిలోబైట్లు, అంతకంటే తక్కువ మెమరీ ఉన్న కంప్యూటర్ల దిగుమతి మీద 15,000 పెసెటాల పన్ను వేసింది. ఆమ్‌స్ట్రాడ్ సీపీసీ 464లో సరిగ్గా 64 ఉన్నాయి. అక్కడి పంపిణీదారు ఒక చిన్న బోర్డు మీద 8 కిలోబైట్ల చిప్ పెట్టి, దాన్ని సీపీసీ 472 అన్నాడు. 64కి 8 కలిపితే 72, పన్ను లేదు. ఆ 8 కిలోబైట్ల చిప్‌కి యంత్రంతో తీగ సంబంధమే లేదు. ఒక్క బైటు కూడా వాడుకోలేరు.

పెదనాన్న: హ్హహ్హ! నా లెక్కలో ఒకటికి పదహారు కలిపితే పదహారే. నీ లెక్కలో అరవై నాలుగుకి ఎనిమిది కలిపితే కాగితం మీద డెబ్భై రెండు, లోపల అరవై నాలుగే.

శ్రావణి: ఎంత మెమరీ ఉందని అట్టపెట్టె మీద రాస్తే ఏం తెలుస్తుంది? అది ఎక్కడుంది, దాన్ని ఎవరు అందుకోగలరు అని చూడాలి. అమీగా 500 చూడండి, 1987. లోపల 512 కిలోబైట్లు, అడుగున మూత తీసి ఇంకో 512 పెట్టుకోవచ్చు. ఆ కొత్త మెమరీని బొమ్మలు, శబ్దాలు చూసే చిప్‌లు అందుకోలేవు. పోనీ ప్రాసెసరుకైనా వేగంగా దొరుకుతుందా అంటే, అదే ఇరుకు దారిలో ఆ చిప్‌ల వెనకే వరసలో నిలబడాలి. రెండు వైపులా నష్టమే. వాడేవాళ్ళే దానికి ‘స్లో ర్యామ్’ అని పేరు పెట్టుకున్నారు.

పెదనాన్న: అయినా అది ఉంటేనే నడిచే ఆటలు ఎన్ని వచ్చాయో! లేనిదానికంటే నయం.

శ్రావణి: ఒప్పుకుంటాను. దానికంటే పెద్ద తప్పు ఇంకోటుంది. ఆ పెంపు బోర్డు మీద గడియారం కోసం ఒక చిన్న నికెల్ కాడ్మియం బ్యాటరీ అతికారు. పదీ ఇరవై ఏళ్ళు పోయాక అది కారుతుంది. కారిన రసం బోర్డు మీది రాగి గీతల్ని తినేస్తుంది. మెమరీ పెంచుకున్నందుకే యంత్రం పాడవుతుంది. చేసినవాడు దుకాణం కట్టేసి వెళ్ళిపోయాడు. మోయాల్సింది ఎవరు?

పెదనాన్న: ఉంచుకున్నవాడు. ఇది మాత్రం నీ గెలుపేనమ్మా. ఊగే డబ్బా నేర్పింది, జరిగే తెర నేర్పింది. కారే బ్యాటరీ నేర్పేదేమీ లేదు, చడీచప్పుడు లేకుండా తినేయడం తప్ప. నా మాట మాత్రం వదులుకోను. కళ్ళెదుట కనిపించే చిక్కు వాడేవాణ్ణి కొంతైనా ఇంజనీరుని చేస్తుంది.

శ్రావణి: నా మాటా నేను వదులుకోను. కనిపించినా కనిపించకపోయినా, చిక్కు విప్పాల్సిన మొదటి బాధ్యత చేసినవాడిది. స్పెక్ట్రమ్‌లో సగం చిప్‌లు పెట్టినవాడు ఆ పని చేశాడు. గొళ్ళెం పెట్టనివాడు చేయలేదు.

వాదన అక్కడితో ఆగింది, తీర్పు ఇద్దరూ సగం సగం పంచుకున్నారు. జెడ్‌ఎక్స్ 81లో బ్యాటరీ లేదు కనుక ఆ పెట్టె తుడుచుకుని మళ్ళీ అటకెక్కింది. మీ ఇంట్లో అమీగా ఉండకపోవచ్చు గానీ, మూలన పడ్డ పాత 386, 486 కంప్యూటరు ఉండే అవకాశం ఉంది. వాటిలో చాలావాటి మదర్‌బోర్డు మీద పీపా ఆకారంలో చిన్న బ్యాటరీ ఒకటి అతికి ఉంటుంది, అదీ ఈ రకానిదే. కంప్యూటరు దాచుకోవాలనుకుంటే ముందు దాన్ని తీయించండి.